హైదరాబాదు ఎండలు - ఇంటి పైకప్పులు

ప్రతి సంవత్సరం మే 9వ తేదీన, మధ్యాహ్నం 12 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు, అబిడ్సు చౌరస్తాలో నిటారుగా నిలిపిన కర్రకు నీడ ఉండదు. సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నందువల్ల సంవత్సరానికి రెండుసార్లు ఈ స్థితి ఏర్పడుతుంది. రెండవసారి ఆగస్టు 3వ తేదీ ప్రాంతంలో. కాని ఆగస్టులో మబ్బులు చాలా రోజులు అడ్డం నిలుస్తాయి. మే నెలలో ఆ అడ్డు లేదు.

నీడ లేదంటే ఏమిటి అర్థం? ఆ సమయాన సూర్యకిరణాలు గోడల పక్కగా జారి నేల మీద పడుతున్నవి. గోడకు నేరుగా తగలడం లేదు. వాటిని నిండుగా అందుకొనేది కప్పు ఒక్కటే. నిర్మలమైన ఆకాశం ఉన్న మధ్యాహ్నం సమతలంగా ఉన్న ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద అయితే లక్ష వాట్లు. వెయ్యి వాట్ల విద్యుత్ పొయ్యిలు నూరు తెచ్చి డాబా మీద వరుసగా పెట్టి వెలిగించినట్లు ఊహించుకోవచ్చు. హైదరాబాదులో ఎండ గురించి మాట్లాడేవారు కిటికీల దిక్కును గురించి, గోడల మందాన్ని గురించి చాలా చెబుతారు. అవీ అవసరమే. కాని ఒక అంతస్తు ఇంటికీ, బహుళ అంతస్తుల మేడలో చివరి అంతస్తుకూ అసలు శత్రువు నెత్తి మీదనే ఉన్నది.

అబిడ్సు, నాంపల్లి ప్రాంతాల్లో తిరిగి చూస్తే నూరేళ్ల పైకప్పుల చరిత్ర ఒక్క గంటలో కంటపడుతుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వద్ద కొలువు చేసిన ఆల్బర్టు అబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఈ పేటకు ఆ పేరు వచ్చింది. దానికి ఒక కొసన 1907లో కట్టిన నాంపల్లి రైల్వే స్టేషను, మరొక కొసన 1935 నాటి మొజంజాహీ మార్కెటు రాతి కట్టడం. వీటి నడుమ సున్నంతో కట్టిన పాత ఇండ్లు, వాటి పక్కనే సిమెంటు కాంక్రీటు స్లాబుల మేడలు, ఆ మేడల మీద మళ్లీ రేకుల గదులు, సందుల్లో రేకుల దుకాణాలు. ఎండ అందరికీ ఒకటే. కప్పు కింద ఉన్నవారికి మాత్రం అది ఒకటి కాదు.

కప్పు మీద పడిన ఎండలో కొంత పరావర్తనం చెంది ఆకాశానికి తిరిగి పోతుంది. మిగిలినది కప్పులో శోషణం చెంది వేడిగా మారుతుంది. ఆ వేడిలో కొంత గాలికి పోతుంది, కొంత పరారుణ వికిరణంగా ఆకాశానికి పోతుంది, శేషించినది వహనం ద్వారా కిందికి దిగుతుంది. ఎంత పరావర్తనం, ఎంత వికిరణం అనే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేది కప్పు పైపొర మాత్రమే. ఆ పొర మందం కాగితమంత ఉన్నా చాలు.

పాతబడిన బూడిదరంగు కాంక్రీటు తన మీద పడిన ఎండలో సుమారు 30 శాతాన్ని తిప్పికొట్టి 70 శాతాన్ని మింగుతుంది. మంచి తెల్లని పూత వేస్తే లెక్క తారుమారవుతుంది. మొదటి కప్పు చదరపు మీటరుకు 700 వాట్లు పట్టుకుంటే, రెండవది 300. భేదం 400 వాట్లు. మామూలుగా వీచే గాలిలో కప్పు ఉపరితలం ఒక్కొక్క డిగ్రీ వేడెక్కినకొద్దీ చదరపు మీటరుకు సుమారు 20 వాట్లు బయటికి వదులుతుంది. కాబట్టి 400ను 20తో భాగిస్తే 20 డిగ్రీలు. బూడిదరంగు డాబాకూ తెల్ల డాబాకూ మిట్టమధ్యాహ్నం దాదాపు ఇంత భేదం ఉండగలదని ఉపాధ్యాయులు నల్లబల్ల మీద రెండు పంక్తుల్లో చూపవచ్చు. కొంత వేడి లోపలికి దిగిపోతుంది గనుక అసలు భేదం దీనికి కాస్త తక్కువగా ఉంటుంది. చెప్పులు లేకుండా రెండింటి మీదా నడిచినవారికి ఈ లెక్క అవసరం లేదు.

ఇక కిందికి దిగే వేడి సంగతి. 15 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబులో వేడి ఒక్క క్షణంలో ఇవతలికి రాదు. పైన 1 గంటకు ఎండ తీవ్రంగా ఉంటే, ఆ వేడి అల స్లాబు అడుగు చేరడానికి ఇంచుమించు 4 గంటలు పడుతుంది. సాయంకాలం 5 గంటలకు ఆఫీసు నుండి, బడి నుండి ఇంటికి చేరేవారికి గది పైకప్పు సరిగా అప్పుడే అత్యంత వేడిగా ఎదురవుతుంది. బయట గాలి చల్లబడినా స్లాబు చాలాసేపు వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. వెనుక హైదరాబాదువారు వేసవి రాత్రులు మంచాలు డాబా మీదికి ఎక్కించడంలో మంచి భౌతికశాస్త్రం ఉన్నది. స్లాబు కింద పడుకున్నవాడు వేడి కప్పును చూస్తాడు. స్లాబు పైన పడుకున్నవాడు చల్లని ఆకాశాన్ని చూస్తాడు.

పాత ఇండ్ల కప్పులు ఇందుకు భిన్నమైనవి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, వాటి మీద ఇటుక జల్లి, డంగు సున్నం కలిపి దట్టంగా కొట్టిన మద్రాసు టెర్రాసు ఒక రకం. ఇనుప గర్డర్ల నడుమ ఇటుకలతో చిన్న చిన్న కమానులు తిప్పి పైన సున్నపు కాంక్రీటు వేసింది మరొక రకం. కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్లు చల్లుతూ, కూలీలు వరుసగా కూర్చుని చెక్క కొయ్యలతో రోజుల తరబడి ఆ సున్నాన్ని కొట్టేవారు. ఇలా తయారైన కప్పు మందం 30 సెంటీమీటర్లకు మించేది. వేడి అల దీనిని దాటేసరికి రాత్రి అవుతుంది. పైగా దారిలోనే చాలా బలహీనపడుతుంది. ఆ రాత్రికి కిటికీలు తెరిస్తే చల్లగాలి మిగతా పని చూసుకుంటుంది. గదుల ఎత్తు 14 అడుగులు ఉండడం, కప్పుకు దగ్గరగా గాలి రంధ్రాలు ఉండడం దీనికి తోడు. అయితే ఈ కప్పులను మెచ్చుకొనేటప్పుడు వాటి బరువును మరువరాదు. దూలానికి చెద పట్టినా, గర్డరు తుప్పు పట్టినా ఆ బరువే ప్రాణాపాయం. ఇంత మందపు కప్పులను పది అంతస్తుల మేడకు ఎత్తడం ఎవరికీ సాధ్యం కాదు.

రేకుల కప్పు మరొక కొసకు చెందినది. దానికి మందమే లేదు, ఆలస్యమూ లేదు. సనత్‌నగరంలో తయారైన చార్మినారు సిమెంటు రేకులు ఒకప్పుడు ఈ నగరంలో చౌక కప్పుకు మారుపేరు. మధ్యాహ్నం అటువంటి రేకు 65 డిగ్రీలకు చేరిందనుకుందాం. కింద నిలుచున్న మనిషి చర్మం 35 డిగ్రీలు. స్టెఫాన్-బోల్ట్‌జ్‌మాన్ నియమం ప్రకారం వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతానికి అనులోమంగా ఉంటుంది. 338ని, 308ని నాలుగవ ఘాతానికి హెచ్చించి చూస్తే, రేకు వైపు తిరిగిన చర్మానికి చదరపు మీటరుకు ఇంచుమించు 200 వాట్ల వేడి అదనంగా చేరుతున్నట్లు తేలుతుంది. ఫంకా దీన్ని ఆపలేదు. ఫంకా గాలిని కదిలిస్తుంది, వికిరణాన్ని కాదు. గాలి కూడా 40 డిగ్రీలు దాటిన రోజున శరీరానికి మిగిలిన ఉపాయం చెమట ఒక్కటే. బేగంపేటలో 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు నమోదయింది. అటువంటి రోజుల్లో రేకుల కింద రోజంతా బట్టలు కుట్టేవారికి, చంటిబిడ్డలకు, మంచం పట్టిన వృద్ధులకు ఈ 200 వాట్లు సుఖదుఃఖాల విషయం కాదు, ప్రాణాల విషయం.

తడి గోనెసంచులు పరచడం పాత ఉపాయం, నిజంగా గొప్ప ఉపాయం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ల గుప్తోష్ణం కావాలి. చదరపు మీటరుకు గంటకు ఒక లీటరు ఆవిరైతే 670 వాట్ల వేడి పోతుంది. బూడిదరంగు స్లాబు మింగే 700 వాట్లకు ఇది దాదాపు సమానం. చిక్కు నీళ్ల దగ్గర వస్తుంది. నూరు చదరపు మీటర్ల డాబాకు ఆరు గంటలకు 600 లీటర్లు. మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో ఈ సలహా ఇచ్చేవారిని ఎలా చూస్తారో చెప్పనక్కరలేదు.

అందుచేత తెల్లపూత మీదికే దృష్టి పోయింది. హైదరాబాదు పరిసరాల్లోని భవనాల మీదనే దీన్ని కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్సు బర్కిలీ ప్రయోగశాల, హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు కలిసి 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నల్లని కప్పును తెల్లగా మారిస్తే ఎ.సి. యంత్రాల విద్యుత్తులో 14 నుండి 26 శాతం, మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా మారిస్తే 10 నుండి 19 శాతం ఆదా అయింది. ఎ.సి. లేని ఇండ్లలో ఈ లాభం విద్యుత్తు రూపంలో కాక చల్లదనం రూపంలో వస్తుంది. 2017లో దేవరకొండ బస్తీలో 25 పేద ఇండ్ల కప్పుల మీద తెల్లని పొరను పరచి చూడగా లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలే కదా అనిపించవచ్చు. గాలి ఉష్ణోగ్రత అది. నెత్తి మీది వికిరణం తగ్గడం దానికి అదనం.

చట్టం కూడా ఈ దారి పట్టింది. కేంద్ర ప్రభుత్వపు శక్తి పొదుపు భవన నిబంధనావళి 2007లో వెలువడి 2017లో సవరణ పొందింది. హైదరాబాదును అది మిశ్రమ శీతోష్ణ మండలంలో చేర్చింది. సవరణలో చాలా వాణిజ్య భవనాల కప్పులకు ఉష్ణ ప్రసార గుణకం 0.33 మించరాదని నిర్దేశించారు. అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ భేదం ఉంటే చదరపు మీటరు గుండా పోయే వేడి 0.33 వాట్లు దాటకూడదు. 2018 నాటి ఎకో నివాస్ సంహిత నివాస గృహాలకు 1.2 చాలునన్నది. ఏ బంధకమూ లేని 15 సెంటీమీటర్ల స్లాబుకు ఈ గుణకం సుమారు 3. దాని మీద 2 సెంటీమీటర్ల థర్మోకోలు వంటి ఉష్ణబంధకం పరిస్తే గృహపు హద్దులోకి వస్తుంది. వాణిజ్యపు హద్దుకు రావాలంటే సుమారు 10 సెంటీమీటర్లు కావాలి. బంధకం స్లాబు పైన, పెంకుల కింద ఉండాలి. అది అంటుకొనే పదార్థం, గది లోపల వేలాడదీయడం క్షేమం కాదు.

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం చలువ పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో హైదరాబాదు నగరంలో 200, చల్లబడాలని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలకు తగ్గని స్థలంలో కట్టే నివాసాలకు దీన్ని తప్పనిసరి చేసి, భవన వినియోగ ధ్రువపత్రంతో ముడిపెట్టారు. ఆ పత్రం కట్టడం పూర్తయినప్పుడు ఇచ్చేది. ఏనాడో కట్టిన అబిడ్సు మేడ దాని కోసం మళ్లీ రాదు. నాంపల్లి సందులో 60 గజాల రేకుల ఇల్లు తప్పనిసరి జాబితాలోనే లేదు. ఎక్కువ ఉడికేది తక్కువ స్థలంలో ఉన్నవారే అన్నది ఈ విధానంలో మిగిలిన వెలితి.

పూతకు మరొక శత్రువు దుమ్ము. బస్సులు, ఆటోలు ఎడతెగక తిరిగే వీధి పక్క డాబా మీద తెలుపు ఒక సంవత్సరంలోనే మాసిపోతుంది, పరావర్తనం తగ్గుతుంది. వానకు కొంత కడుక్కుపోయినా, మార్చి నాటికి ఒకసారి నీళ్లతో తోమడం మంచిది. సున్నపు పూతనైతే వాన కొట్టుకుపోతుంది గనుక వేసవి ముందు ఏటేటా వేయాలి.

పాఠశాలలో దీన్ని పరీక్షించడానికి ఒకే కొలత గల మూడు రేకు డబ్బాలు చాలు. ఒకదాని మూతకు మసి, ఒకదానికి సున్నం పూసి, మూడవదాన్ని మెరిసే రేకుగానే వదలి, పక్కలకు గడ్డి చుట్టి, లోపల ఉష్ణమాపకాలు పెట్టి 11 గంటలకు ఎండలో ఉంచాలి. మసి డబ్బా అన్నిటికన్నా వేడెక్కడం అందరూ ఊహించేదే. మెరిసే రేకు సున్నం కన్నా వేడెక్కినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపోతారు. రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కాని ఒకసారి పట్టుకొన్న వేడిని వికిరణంగా వదలడంలో పిసినారి. సున్నానికి రెండు గుణాలూ ఉన్నాయి.