ఔత్సాహిక రచయిత్రికి తెరిచిన ద్వారం: అమెరికా రొమాన్స్ రచయితల సదస్సు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక్క పుస్తకమైనా అచ్చుకాని వ్యక్తిని రచయితగా గుర్తించేది ఎవరు? ‘రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా’ అనే సంఘం నాలుగు దశాబ్దాల పాటు తన వార్షిక సదస్సు ద్వారా ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇచ్చింది. ఔత్సాహికులు, ప్రసిద్ధులు, సంపాదకులు ఒకే చోట కలుసుకొనే ఏర్పాటు చేసి, ప్రచురణరంగంలోకి ప్రవేశించే మార్గాన్ని అది సుగమం చేసింది. ఆ మార్గం అందరికీ సమానంగా తెరుచుకోలేదన్న విమర్శ బలపడినప్పుడు సంఘం పునాదులే కదిలాయి. ఆ సదస్సు నిర్మాణాన్ని, అందులో ఔత్సాహిక రచయిత్రి స్థానాన్ని, దాని క్షీణతకు దారితీసిన కారణాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రొమాన్స్ నవల, ఔత్సాహిక రచయిత్రి, సదస్సు, ప్రచురణరంగం, జాతి వివక్ష, జనప్రియ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

జనప్రియ నవల మీద జరిగిన పరిశోధనలో అధికభాగం పాఠం చుట్టూ, పాఠకుల చుట్టూ తిరిగింది. జానిస్ రాడ్‌వే 1984లో ప్రచురించిన ‘రీడింగ్ ది రొమాన్స్’ ఒక అమెరికన్ పట్టణంలోని పాఠకురాళ్లు ఈ నవలలను ఎందుకు చదువుతున్నారో పరిశీలించింది. పమేలా రీజిస్ 2003లో వెలువరించిన గ్రంథం రొమాన్స్ నవలకు ఆవశ్యకమైన ఎనిమిది కథనాంశాలను నిర్ధారించింది. రచయిత్రి ఏ విధంగా రచయిత్రి అవుతుందన్న ప్రశ్న మాత్రం ఆలస్యంగా చర్చకు వచ్చింది. ఆ ప్రశ్నను పరిశీలించడానికి రచయితల సదస్సు అనువైన క్షేత్రం.

రొమాన్స్ అనే మాటకు ఇక్కడ నిర్దిష్టమైన అర్థం ఉంది. సంఘం నిర్వచనం ప్రకారం కథకు కేంద్రం ప్రేమవృత్తాంతమే కావాలి. ముగింపు పాఠకులకు సంతృప్తిని, ఆశను కలిగించాలి. ఈ రెండు లక్షణాలూ లేని ప్రణయకథ ఎంత గొప్పదైనా ఈ ప్రక్రియలోకి రాదు.

2. సంఘం ఆవిర్భావం

1970ల చివరిదాకా ఉత్తర అమెరికాలో రొమాన్స్ నవలల విపణిని కెనడాకు చెందిన హార్లెక్విన్ సంస్థ ఏలింది. దాని రచయిత్రులలో ఎక్కువమంది బ్రిటన్‌కు చెందినవారు. అమెరికన్ రచయిత్రులకు అక్కడ చోటు దొరకడం కష్టంగా ఉండేది. 1980లో సిల్హౌట్ వంటి కొత్త శ్రేణులు మొదలుకావడంతో పరిస్థితి మారింది. తరువాతి కాలంలో అత్యధిక పాఠకాదరణ పొందిన నోరా రాబర్ట్స్ తొలి నవల 1981లో సిల్హౌట్ ద్వారానే వెలువడింది.

ఈ మలుపులోనే, 1980లో, టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ‘రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా’ ఏర్పడింది. స్థాపనలో ప్రధానపాత్ర వహించినవారిలో వివియన్ స్టీఫెన్స్ ఒకరు. ఆఫ్రికన్ అమెరికన్ అయిన ఆమె అప్పటికి డెల్ ప్రచురణసంస్థలో సంపాదకురాలు. ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి, ఆఫ్రికన్ అమెరికన్ నాయికానాయకులతో రాసిన తొలి శ్రేణినవలగా పేరుపొందిన ‘ఎన్‌ట్వైన్డ్ డెస్టినీస్’ 1980లో ఆమె సంపాదకత్వంలోనే వచ్చింది. సంఘానికి తొలి అధ్యక్షురాలు రీటా క్లే ఎస్ట్రాడా. మొదటి సదస్సు 1981లో హ్యూస్టన్ సమీపంలోని ది వుడ్‌లాండ్స్‌లో జరిగింది.

సాధారణంగా రచయితల సంఘాలు పుస్తకం అచ్చయినవారినే సభ్యులుగా చేర్చుకొంటాయి. ఈ సంఘం మాత్రం రొమాన్స్ రచనను వృత్తిగా గట్టిగా సాధించదలచిన వారికి కూడా సభ్యత్వం ఇచ్చింది. తరువాతి చరిత్ర అంతా ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి నడిచింది.

3. సదస్సు నిర్మాణం

ఏటా వేసవిలో, ఒక్కో ఏడాది ఒక్కో నగరంలో, పెద్ద హోటల్‌లో ఈ సదస్సు జరిగేది. న్యూయార్క్, డెన్వర్, శాన్ ఆంటోనియో, అట్లాంటా వంటి నగరాలు దీనికి ఆతిథ్యమిచ్చాయి. మొదటిసారి వచ్చినవారికి పరిచయ కార్యక్రమం ఉండేది. మెడలోని గుర్తింపుకార్డుకు అంటించుకొనే రంగుపట్టీలు వారు ఏ స్థాయి సభ్యులో ఎదుటివారికి తెలియజేసేవి.

సదస్సు కార్యక్రమాలను స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు. మొదటివి కార్యశాలలు. పాత్రచిత్రణ, సంఘర్షణ, సంభాషణ వంటి శిల్పవిషయాలతోపాటు ఒప్పందాలు, పారితోషికం, ప్రచారం వంటి వృత్తివిషయాలూ వీటిలో చర్చకు వచ్చేవి. రెండవవి సంపాదకులతో, సాహిత్య ఏజెంట్లతో ముఖాముఖి సమావేశాలు. మూడవది వందలాది రచయితలు పాఠకులకు సంతకాలు చేసి ఇచ్చే బహిరంగ కార్యక్రమం; దీని ఆదాయం అక్షరాస్యతా సంస్థలకు వెళ్లేది. నాలుగవది పురస్కారాల రాత్రి.

వీటికి తోడు హోటల్ వరండాల్లో, భోజనపు బల్లల దగ్గర జరిగే అనధికార సంభాషణలు ఉండేవి. క్రిస్టీన్ లార్సన్ 2024లో ప్రచురించిన గ్రంథంలో రొమాన్స్ రచయితల సంబంధాలను విశ్లేషిస్తూ, ప్రసిద్ధులూ కొత్తవారూ కలగలిసిపోయే ఇటువంటి బంధజాలం మరే ఇతర రచనారంగంలోనూ సులభంగా కనిపించదని నిరూపించే ప్రయత్నం చేశారు. పది పుస్తకాలు రాసినవారు మొదటి పుస్తకం రాస్తున్నవారికి పారితోషికం గురించి, ఒప్పందంలోని చిక్కుల గురించి దాపరికం లేకుండా చెప్పడం ఈ రంగపు విశిష్టత. 2010 ప్రాంతంలో ఎలక్ట్రానిక్ పుస్తకాలు, స్వీయప్రచురణ విస్తరించినప్పుడు రొమాన్స్ రచయితలు మిగిలినవారికంటె త్వరగా ఆ దారి పట్టడానికి ఈ పరస్పర సమాచార మార్పిడి ముఖ్యకారణం.

4. పది నిమిషాల పరీక్ష

ఔత్సాహిక రచయిత్రి దృష్టిలో సదస్సుకు ప్రాణం సంపాదకుడితో ముఖాముఖి. దీనిని వృత్తిపరిభాషలో ‘పిచ్’ అంటారు. కేటాయించిన సమయం సుమారు పది నిమిషాలు. ఆ కొద్ది వ్యవధిలో ఆమె తన నవల ఏ ఉపశాఖకు చెందుతుందో, ఎన్ని పదాల నిడివో, నాయికానాయకులు ఎవరో, వారిని దూరం చేస్తున్న సంఘర్షణ ఏమిటో స్పష్టంగా చెప్పాలి. కథనంతా చెప్పబోయేవారు సమయం చాలక తడబడతారు. సంఘర్షణను రెండు మూడు వాక్యాలలో చెప్పగలిగినవారికి, సంపాదకుడు వేసే ప్రశ్నలకు బదులిచ్చే వ్యవధి మిగులుతుంది.

ఫలితం మూడు విధాలుగా ఉండవచ్చు: మర్యాదపూర్వక తిరస్కారం, కథాసంగ్రహంతోపాటు మొదటి కొన్ని అధ్యాయాలు పంపమనడం, పూర్తి రాతప్రతిని పంపమనడం. చివరి రెండూ ఆమోదం కావు. అవి రాతప్రతిని చదువుతామన్న మాట మాత్రమే. అయినా, అడగకుండా వచ్చిపడే రాతప్రతుల గుట్టనుంచి బయటపడి సంపాదకుడి బల్లమీదికి చేరడం చిన్న విషయం కాదు. రాతప్రతి పూర్తికాకుండా ముఖాముఖికి వెళ్లరాదన్న హితవు వెనుక కారణం కూడా ఇదే. అడిగిన వెంటనే పంపలేకపోతే పది నిమిషాలలో సంపాదించిన ఆసక్తి చల్లారిపోతుంది.

సంఘంలో ‘ప్రో’ అనే మధ్యస్థాయి గుర్తింపు కూడా ఉండేది. నవలను పూర్తిచేసి ప్రచురణకర్తకో ఏజెంటుకో పంపినట్లు ఆధారం చూపినవారికి అది లభించేది. తిరస్కరణలేఖ కూడా అటువంటి ఆధారమే. ఇతరత్రా అవమానంగా భావించే కాగితం ఇక్కడ యోగ్యతాపత్రమైంది. రచన పూర్తిచేసి ఇతరుల తీర్పుకు నిలబడడమే వృత్తిలో తొలిమెట్టని సంఘం ఈ విధంగా ప్రకటించింది.

ఈ గుర్తింపు ఎందుకు అవసరమైందో జెన్నిఫర్ లోయిస్, జొఆనా గ్రెగ్‌సన్ అనే సమాజశాస్త్రవేత్తల క్షేత్రపరిశోధన తెలుపుతుంది. 2015లో ప్రచురించిన వ్యాసంలో వారు రొమాన్స్ రచయిత్రులు రెండు రకాల కళంకాన్ని మోస్తున్నారని గుర్తించారు. ఒకటి, అది సాహిత్యమే కాదన్న చులకన. రెండవది, రచనలోని శృంగారాన్ని రచయిత్రి వ్యక్తిగత జీవితానికి అంటగట్టే వెకిలిచూపు. ఔత్సాహికులు తమలో ఆశను నిలుపుకోవడానికి చేసే మానసిక శ్రమను 2019 నాటి మరో వ్యాసంలో వివరించారు. ఇంటాబయటా చులకనకు గురైన స్త్రీకి సదస్సులో ఎవరైనా “మీరు ఏమి రాస్తున్నారు?” అని అడగడం మామూలు పలకరింపు కాదు, ఆమెను రచయిత్రిగా అంగీకరించడం.

5. గోల్డెన్ హార్ట్ పురస్కారం

ప్రచురితమైన నవలలకు ఇచ్చే పురస్కారం మొదట ‘గోల్డెన్ మెడాలియన్’గా మొదలై, 1990 నుంచి తొలి అధ్యక్షురాలి పేరిట ‘రీటా’ అయింది. అచ్చుకాని రాతప్రతులకు వేరుగా ‘గోల్డెన్ హార్ట్’ ఉండేది. తుదిదశలో ప్రచురణసంస్థల సంపాదకులే న్యాయనిర్ణేతలు కావడంవల్ల బహుమతి రాకపోయినా తుదిజాబితాకు చేరడమే ఒక పరిచయపత్రంగా పనిచేసింది. ఒకే ఏడాది తుదిజాబితాకు చేరినవారు బృందాలుగా ఏర్పడి ఏళ్లతరబడి పరస్పరం తోడ్పడేవారు. 2009 నాటి బృందం ‘రూబీ స్లిప్పర్డ్ సిస్టర్‌హుడ్’ అన్న పేరుతో కొనసాగడం ఇందుకు ఉదాహరణ.

స్వీయప్రచురణ విస్తరించాక ‘అచ్చుకాని రచయిత’ అన్న వర్గం అర్థమే మారింది. సంపాదకుడి ఆమోదంతో పనిలేకుండా పుస్తకం పాఠకుడిని చేరగలిగినప్పుడు నిరీక్షించేవారి సంఖ్య తగ్గుతుంది. 2019లో గోల్డెన్ హార్ట్ పురస్కారాన్ని చివరిసారిగా అందజేశారు.

6. ద్వారంలోని అసమానత

సదస్సు కొత్తవారిని ఆదరించిందన్నది ఎంత నిజమో, ఆ ఆదరణ అందరికీ ఒకే రీతిలో అందలేదన్నదీ అంతే నిజం. రీటా పురస్కారపు తొలిదశ నిర్ణేతలు సాటి రచయితలే. తుదిజాబితాలకు చేరిన పుస్తకాలలో నల్లజాతి రచయితలవి ఒక శాతం కంటే తక్కువని, వారిలో ఎవరికీ పురస్కారం రాలేదని 2018లో సంఘమే అంగీకరించింది. నల్లజాతి స్త్రీ స్థాపించిన సంఘంలో మూడున్నర దశాబ్దాలకు పైగా పురస్కారచరిత్ర ఇలా సాగింది. 2019 న్యూయార్క్ సదస్సులో కెన్నెడీ ర్యాన్, ఎం. మలోన్ ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి రచయిత్రులయ్యారు. భారతీయ మూలాలున్న నిషా శర్మ యువజన విభాగంలో అదే ఏడాది రీటా అందుకొన్నారు.

అదే సంవత్సరం చివర మరో సంక్షోభం తలెత్తింది. ఒక నవలలో చైనీయుల చిత్రణ జాతివివక్షతో కూడుకొన్నదని విమర్శించినందుకు వచ్చిన ఫిర్యాదులపై రచయిత్రి కోర్ట్‌నీ మిలన్‌ను 2019 డిసెంబరులో సంఘం సస్పెండ్ చేసింది. నిరసనలు వెల్లువెత్తడంతో రోజుల వ్యవధిలోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకొంది. పాలకమండలి సభ్యులు పలువురు రాజీనామా చేశారు. 2020 రీటా పోటీ రద్దయింది. దాని స్థానంలో స్థాపకురాలి పేరుతో వచ్చిన ‘వివియన్’ పురస్కారం కూడా వివాదానికి అతీతం కాలేదు. ఆదివాసుల ఊచకోతలో పాల్గొన్న సైనికుడు నాయకుడైన ఒక నవలకు 2021లో బహుమతి ప్రకటించి, విమర్శల తరువాత ఉపసంహరించుకొన్నారు.

7. క్షీణత

కోవిడ్ కారణంగా 2020 సదస్సు ప్రత్యక్షంగా జరగలేదు. ఒకప్పుడు పదివేల వరకు ఉన్న సభ్యత్వం సుమారు రెండువేలకు పడిపోయింది. 2024 మే నెలలో సంఘం దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. దాని బాకీలలో ప్రధానమైనది, సదస్సుల కోసం ముందుగా ఒప్పందాలు చేసుకొన్న హోటళ్లకు చెల్లించవలసిన దాదాపు ముప్పై లక్షల డాలర్లు. వేలాదిమంది వస్తారన్న నమ్మకంతో, ఏళ్ల ముందే గదులు ఖాయం చేసుకొనే పద్ధతి సభ్యత్వం తగ్గినప్పుడు మోయలేని భారమైంది. సంఘానికి బలమిచ్చిన సదస్సే దాని మెడకు చుట్టుకొంది.

8. తెలుగు నవలా పరిశోధనకు అన్వయం

ఈ అధ్యయనం తెలుగు పరిశోధకులకు ఒక ప్రశ్నను అందిస్తుంది. 1960ల నుంచి తెలుగులో రచయిత్రుల నవల వెల్లివిరిసింది. యద్దనపూడి సులోచనారాణి వంటివారి రచనలు అద్దె లైబ్రరీలలో చేతులు మారి, సినిమాలుగానూ ఆదరణ పొందాయి. ఆ దశలో ప్రవేశద్వారం ప్రధానంగా వారపత్రిక సంపాదకుడి బల్ల, నవలల పోటీ. పురుషులు కొందరు స్త్రీల పేర్లతో రాసేంతగా ఆ ద్వారం దగ్గర రచయిత్రి పేరుకు గిరాకీ ఏర్పడింది. అయినా ఆ పేర్లమీద ‘కాలక్షేపం’ అన్న ముద్ర చెరగలేదు. అమెరికన్ రచయిత్రులు సంఘంగా ఎదుర్కొన్న చులకనను తెలుగు రచయిత్రులు ఎక్కువగా ఒంటరిగానే ఎదుర్కొన్నారు. తిరిగివచ్చిన రాతప్రతులు, సంపాదకుల ఉత్తరాలు, పోటీల నిబంధనలు, పాఠకుల లేఖలు సేకరిస్తే ఆ ప్రవేశచరిత్రను పునర్నిర్మించవచ్చు. నేడు ప్రతిలిపి వంటి వేదికలలో రాస్తున్న కొత్త రచయిత్రులకు సంపాదకుడు అడ్డులేడు. అలాగని తోడూ లేడు. వారికి మెళకువలు నేర్పేది, తోటివారిగా గుర్తించేది ఎవరన్నది పరిశీలించదగిన అంశం.

9. ముగింపు

రొమాన్స్ రచయితల సదస్సు ఇచ్చిన అసలైన వరం సంపాదకుడి పరిచయం కాదు, గుర్తింపు. తిరస్కరణలేఖకు కూడా విలువనిచ్చి, అచ్చుకాని రచయిత్రిని పక్కన కూర్చోబెట్టుకోవడం ద్వారా అది వేలాదిమందికి ధైర్యమిచ్చింది. ఆ గుర్తింపు కొందరికి సులభంగా, మరికొందరికి దశాబ్దాల తరువాత అందడమే దాని పతనానికి బీజమైంది. ద్వారం తెరిచినవారు దానిగుండా ఎవరు లోపలికి రాగలుగుతున్నారో, ఎవరు గడప దగ్గరే నిలిచిపోతున్నారో ఎప్పటికప్పుడు లెక్క చూసుకోవాలి. సాహిత్యసంస్థ ఏ భాషదైనా, ఏ ప్రాంతానిదైనా ఈ లెక్క తప్పదు.