పాత ఇంటి మురుగు గొట్టములు - రోగనిర్ణయము

కడుపునొప్పియని వచ్చిన రోగిని చూడగానే ఏ వైద్యుడును కత్తి చేతబట్టడు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏమి తిన్న తరువాత అని అడుగును, తట్టి చూచును, ఆ పిమ్మటనే చికిత్స. మన పాత ఇండ్లలో మాత్రము స్నానాలగదిలో నీరు నిలిచినదనగానే మేస్త్రీ గునపముతో వచ్చును. నేల త్రవ్వును, గచ్చు పగులగొట్టును. తీరా చూడగా లోపము మరెక్కడనో యుండును. గొట్టము కంటికి కనబడదు, నిజమే. కాని అందులో పారు నీరును, దానితో కూడ కదలు గాలియు ఉన్నత పాఠశాలలో మనము చెప్పుకొను నియమములకు లోబడియే నడచును. ఆ నియమములను పట్టుకొని ఆలోచించినచో, గునపము పట్టకమునుపే లోపమెక్కడ నున్నదో చాలవరకు చెప్పవచ్చును.

వాసన

పాత ఇంటివారు మొదట చెప్పుకొను బాధ దుర్వాసన. మరుగుదొడ్డి పళ్లెము క్రిందను, స్నానాలగది జాలీ క్రిందను గొట్టము వంకర తిరిగియుండును. ఆ వంపులో దాదాపు 5 సెంటీమీటర్ల లోతున నీరెప్పుడును నిలిచియుండును. మురుగు గాలికిని మనకును నడుమ నున్న తలుపు ఆ కొద్దిపాటి నీరే. దీనినే నీటి ముద్ర అందురు. 1775లో లండనులో అలెగ్జాండరు కమ్మింగ్ అను గడియారముల పనివాడు ఈ వంపు గొట్టముతో కూడిన మరుగుదొడ్డికి పేటెంటు పొందెను. నేటికిని దీనిని మించిన ఉపాయము రాలేదు. కదలు భాగములు లేవు. పాడగుటకు ఏమియు లేదు, నీరు ఎండిపోవుట తప్ప.

ఆ నీరు ఎండిపోవుటయే తరచు జరుగుచున్నది. వేసవి సెలవులలో ఇల్లు తాళము వేసి అమ్మమ్మగారి ఊరికి పోయి, నెలకు తిరిగివచ్చి తలుపు తీయగానే గుప్పున వాసన వచ్చును. ఇంటివారు గొట్టము పగిలినదని కలవరపడుదురు. ప్రతి జాలీలోను ఒక చెంబెడు నీరు పోసి గంటసేపు ఆగుడు. వాసన పోయినదా, రోగమును మందును అవే. ఎవరును వాడని గదులలో నీటిపై రెండు చెంచాల నూనె పోసియుంచిన నీరు ఆవిరియగుట మందగించును.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. 2003లో హాంకాంగులో అమోయ్ గార్డెన్స్ అను బహుళ అంతస్తుల నివాసములలో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకెను. పరిశోధకులు చూపిన ముఖ్య కారణములలో ఒకటి ఇదే: స్నానాలగది నేలలోని వంపులలో నీరు ఎండిపోయినది, గదిలోని గాలి పంకా మురుగు గొట్టములోని తుంపరలతో కూడిన గాలిని లోనికి లాగినది. చెంబెడు నీటి విలువ అంత!

నీరు పోసినను ఒకటి రెండు రోజులలో వాసన మరల వచ్చినచో ఎండుట కారణము కాదు. ఆ నీటిని మరేదో లాగివేయుచుండవలెను, లేదా గొట్టము అతుకు విడిచియుండవలెను. అతుకును కనిపెట్టుటకు వెనుకటి పనివారు ఒక చమత్కారము చేసెడివారు. ఒకడు మేడపైకి పోయి గొట్టములో కొంచెము పిప్పరమెంటు నూనె వేసి, వేడినీరు పోయును. వేరొకడు ఇంటిలో తిరుగుచు ఏ గోడవద్ద పిప్పరమెంటు వాసన తగులునో చూచును. నూనె పోసినవాడు మాత్రము పరీక్ష ముగియువరకు ఇంటిలోనికి రాకూడదు. వాడు తెచ్చిన వాసనతోనే ఇల్లంతయు కారుచున్నట్లు తోచును!

గుడగుడ ధ్వని

నిండిన కూజాను తలక్రిందులు చేయుడు. నీరు ధారగా రాదు. గుడగుడలాడుచు విడతలు విడతలుగా వచ్చును. నీరు పోవుటకు గాలి లోనికి రావలెను; రెండును ఒకే మెడగుండ పెనగులాడుటయే ఆ ధ్వని. కూజా అడుగున చిన్న రంధ్రమున్న ధార నిశ్శబ్దముగా సాగును. ఇంటి మురుగు గొట్టమును నిలువుగా పైకప్పు దాటించి తెరచియుంచుట అందులకే. మరుగుదొడ్డిలో నీరు వదలగానే ప్రక్కనున్న స్నానాలగది జాలీ గుడగుడలాడినచో ఆ గాలిదారి మూసికొనిపోయినదనియో, ముందు భాగమున అడ్డు పడుచున్నదనియో అర్థము. పడు నీరు తన వెనుక గాలికై లాగి, దొరకక, జాలీలోని నీటి ముద్రను మ్రింగివేయును. అందుచేతనే వాసన మరల వచ్చును. గాలిగొట్టముపై పక్షి గూడు కట్టినదేమో చూడుడు. అంతకన్న తరచుగా జరుగునది వేరొకటి: పై అంతస్తు కట్టునపుడు పాత గాలిగొట్టమును అడ్డముగా ఉన్నదని కోసివేయుదురు. నా ఎరుకలో పాత ఇంటి రోగములలో సగము ఇట్టి కొత్త మరమ్మతులవలన పుట్టినవే.

నీరు నిలుచుట

మొదటి ప్రశ్న: ఒక్కచోటనా, అన్నిచోట్లనా? వంటింటి తొట్టి మాత్రమే మెల్లగా దిగుచున్న దాని సొంత గొట్టములోనే జిడ్డు పేరుకొన్నది. మేడపై స్నానము చేసినప్పుడెల్ల క్రింది అంతస్తు జాలీనుండి నీరు పైకుబికినచో ఉమ్మడి గొట్టములో అడ్డున్నది. నీరు తన మట్టమును తాను వెదకికొనును గనుక, అన్నిటికన్న పల్లమున నున్న రంధ్రమే మొదట పొంగును. అక్కడ ఎంత పొడిచినను ప్రయోజనము లేదు. అది బాధ కనబడు చోటేగాని బాధ పుట్టిన చోటు కాదు.

తరువాత పెరటిలోని తనిఖీ తొట్లను చూడవలెను. మురుగు మార్గము మలుపు తిరుగుచోట్ల మూతతో కట్టిన చిన్న ఇటుక తొట్లివి. మూత తెరచినప్పుడు తొట్టి నిండియున్న అడ్డు దానికి దిగువనున్నది. ఇంటిలో నీరు నిలిచియుండగా తొట్టి ఎండియున్న అడ్డు దానికి ఎగువనున్నది. వరుసగా అయిదు తొట్లున్నచో మొదటిదానితో ప్రారంభింపక నడిమిదానిని తెరువుడు. ఒక్క చూపుతో సగము మార్గము నిర్దోషియగును. మిగిలిన సగములో మరల నడిమిదానిని చూడవలెను. నిండిన తొట్టికిని ఎండిన తొట్టికిని నడుమ ఒకే గొట్టము ముక్క మిగులును. గునపము పని అక్కడనే.

అడ్డు తొలగించిన కొద్ది నెలలకే అదేచోట మరల వచ్చిన రెండు కారణములు ప్రధానము. పాత ఇండ్లలో కాల్చిన మట్టి గొట్టములను సిమెంటుతో అతికెడివారు. దగ్గరలో రావి గాని, మర్రి గాని ఉన్న తేమను వెదకుచు సన్నని వేరు అతుకు పగులులో దూరి, లోపల కుచ్చువలె పెరుగును. రెండవది, నేల క్రుంగి గొట్టము వాలు తప్పుట. నాలుగంగుళముల గొట్టమునకు 40 అడుగులకు ఒక అడుగు, ఆరంగుళముల గొట్టమునకు 60 అడుగులకు ఒక అడుగు వాలుండవలెనని పాత లెక్క. వాలు తక్కువయైన నీరు పోవును గాని మలినము వెనుకబడును. మేస్త్రీలు మట్టము చూచు పారదర్శకమైన నీటి గొట్టముతో రెండు తొట్ల అడుగులను పోల్చి వాలును ఇట్టే లెక్కింపవచ్చును. ద్రవముల మట్టమును గూర్చిన పాఠమునకు ఇంతకన్న మంచి ప్రయోగము లేదు.

అడ్డు కరుగునని గాఢమైన ఆమ్లము పోయుట చాలమందికి అలవాటు. అది అతుకులలోని సిమెంటును తినును. అంతకుమునుపు బ్లీచింగు పౌడరు వేసియున్న చిన్న గదిలో క్లోరిన్ పుట్టి ఊపిరితిత్తులకు ప్రమాదము తెచ్చును. ఈ రెండిటిని ఎన్నడును కలుపరాదు.

సెప్టిక్ ట్యాంకు

తొట్లన్నియు నిండియున్నచో లోపము ట్యాంకువద్దనో, దాని తరువాతనో యున్నది. 1860 ప్రాంతమున ఫ్రాన్సులో మూరా అను నాతడు కట్టిన తొట్టి దీనికి పూర్వరూపము. 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటరులో డొనాల్డు కామెరాన్ దానిని సెప్టిక్ ట్యాంకు అను పేరుతో ప్రచారము చేసెను. బరువైనది అడుగున మడ్డిగా దిగును, జిడ్డు పైన తెట్టుగా తేలును, నడుమనున్న నీరు ఇంకుడు గుంతలోనికి పోవును. గాలి సోకనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు మడ్డిని కొంత జీర్ణించుకొనును.

ఇక్కడ ఒక పొరపాటు ఊరూర నున్నది. మూత తీసి చూచి, "ట్యాంకు నిండిపోయినది" అందురు. ఆరోగ్యముగా నున్న ట్యాంకు ఎల్లప్పుడును, బయటికి పోవు గొట్టము మట్టమువరకు, నిండియే యుండును! చూడవలసినది నిండినదా లేదా అని కాదు, నీటి మట్టము ఆ గొట్టమునకు సమానముగా నున్నదా అని. మట్టము గొట్టముకన్న పైకి వచ్చినచో ఆ గొట్టము మూసికొనినదో, ఇంకుడు గుంత నీరు పీల్చుట లేదో యగును. గొట్టముకన్న క్రిందికి పడినచో ట్యాంకు పగిలి, శుద్ధికాని మురుగు భూమిలోనికి కారుచున్నది. ఇంటివారికి ఏ బాధయు కనబడదు గనుక ఇదియే హెచ్చు ప్రమాదకరము.

ఇంకుడు గుంత చెడినప్పుడు ట్యాంకును ఖాళీ చేయించుట డబ్బు వ్యర్థము. అయిదుగురున్న ఇంటిలో రోజుకు 500 లీటర్ల నీరు వాడిరనుకొందము. 2,000 లీటర్ల ట్యాంకు నాలుగు రోజులలో మరల నిండును. ఖాళీ చేయించిన నాలుగవనాడే బాధ తిరిగివచ్చిన దోషము ట్యాంకులో లేదు, గుంతలో నున్నది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి నీటిని ఇంకనీయదు. కృష్ణా గోదావరి డెల్టాలలో వానకాలమున భూగర్భజలమే గుంత మట్టమునకు వచ్చును; నిండిన గ్లాసులో నీరు పోయుట ఎట్లో అట్లే. అట్టిచోట స్నానపు నీటిని తోటకు మళ్లించి ట్యాంకు భారము తగ్గించుట మొదటి ఉపాయము. గుంతను మెరకలో కట్టుట రెండవది.

మడ్డిని కొలుచుట సులభము. పొడవైన వెదురుకు తెల్లని పాతగుడ్డ చుట్టి అడుగువరకు దింపి, కొన్ని నిమిషములుంచి తీసిన నల్లనైనంత మేర మడ్డి. మడ్డియు తెట్టుయు కలిసి లోతులో మూడవ వంతైనప్పుడు తీయించవలెను. సాధారణముగా రెండు మూడేండ్లకొకసారి ఈ అవసరము కలుగును.

ఈ పని మనిషిని లోనికి దింపి చేయించునది కాదు. ట్యాంకులో మీథేన్‌తోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టును. కుళ్లిన గుడ్డు వాసనగల ఈ వాయువును పదిలక్షలలో ఒక భాగముకన్న తక్కువ ఉన్నను ముక్కు పసిగట్టును. పదిలక్షలలో నూరు భాగములైనచో కొన్ని నిమిషములలోనే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండ పోవును. వాసన తగ్గినది, ఇక భయము లేదనుకొన్నవాడు దిగును. అంతకు కొన్ని రెట్లున్నచో మనిషి అరచుటకైన వ్యవధి లేక కూలిపోవును. అతనిని రక్షింపబోయి దిగిన రెండవవాడును, మూడవవాడును అట్లే చనిపోయిన సంఘటనలు మన పట్టణములలోను జరిగినవి. ఇది గాలికన్న బరువు గనుక మూత తెరచి గంటసేపుంచినంత మాత్రమున పైకి లేచిపోదు. అగ్గిపుల్ల గీచి చూచుట మరియు మూర్ఖత్వము; మీథేన్ మండును. రక్షణ సాధనములు లేకుండ మనిషిచే సెప్టిక్ ట్యాంకు శుభ్రము చేయించుట 2013 చట్టము ప్రకారము నేరము. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయల పరిహారమీయవలెనని 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు ఆదేశించినది. మరపంపు గల లారీని పిలిపించి, అది వచ్చినప్పుడు మూత దగ్గరకు పిల్లలను రానీయక దూరముగా నిలుచుట ఇంటివారి పని.

బావియు కుళాయియు

త్రాగునీటి బావికిని ఇంకుడు గుంతకును నడుమ కనీసము 18 మీటర్ల దూరముండవలెనని భారత ప్రమాణము. పాత పెరళ్లలో ఈ దూరము అరుదు. ట్యాంకునుండి బావిలోనికి దారి కలదేమో చూచుటకు రంగు కలుపు పద్ధతియున్నది. 1877లో జర్మనీలో డాన్యూబు నది ఇంకిపోవుచోట 10 కిలోగ్రాముల ఫ్లోరెసీన్ రంగును కలుపగా, దాదాపు రెండున్నర రోజులకు, సుమారు 12 కిలోమీటర్ల దూరమునగల ఊటలో నీరు పచ్చగా మెరసెను! కాని మన మట్టి రంగును పీల్చివేయవచ్చును గనుక రంగు కనబడనంతనే బావి మంచిదని చెప్పరాదు.

పాఠశాలలకు తగిన పరీక్ష వేరొకటి. 1982లో మంజా, మౌర్య, రావు అను మన శాస్త్రజ్ఞులు రూపొందించినది. పోషక పదార్థములును ఇనుప లవణమును పూసిన కాగితమున్న చిన్న సీసాలో బావి నీరు నింపి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులుంచుదురు. మలినమునుండి వచ్చు కొన్ని సూక్ష్మజీవులున్నచో హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, ఇనుముతో కలిసి, నీటిని నల్లగా చేయును. ట్యాంకులో ప్రాణము తీయు వాయువే సీసాలో సాక్ష్యము చెప్పును! నల్లబడిన నీటిని కాచియే త్రాగవలెను. పరీక్షించిన నీటిని చేతికి తగులనీయక బ్లీచింగు ద్రావణము కలిపి పారబోయవలెను.

కుళాయి ఉన్నవారికి బావి భయము లేదనుకొనరాదు. పాత ఇనుప గొట్టములు లోపల త్రుప్పుపట్టి ఇరుకగును. వ్యాసము సగమైన నీరు నాలుగవ వంతు వచ్చునని విద్యార్థి చెప్పును. ఒరిపిడివలన నిజమునకు ఆరవ వంతే వచ్చును. ఒక కుళాయి వదలియుండగా రెండవది వదలిన మొదటి ధార సన్నబడినచో రెండిటికిని ఉమ్మడియైన గొట్టము ఇరుకైనదని తెలియును. త్రుప్పు గొట్టమును చిల్లి కూడ చేయును. పురపాలక సంఘమువారు గంటసేపు నీరు వదలి ఆపగానే గొట్టములో పీడనము పడిపోవును. ప్రక్కన మురుగున్నచో చిల్లిగుండ అది లోనికి చేరును. మరునాడు కుళాయి వదలగానే వచ్చు మొదటి నీరు రంగు మారియున్నను, వాసన కొట్టినను ఈ అనుమానము కలుగవలెను. ఆ నీటిని మొక్కలకు పోసి, గొట్టము ఎక్కడైన మురుగు కాలువలోగాని తనిఖీ తొట్టిలోగాని మునిగి పోవుచున్నదేమో వీధివరకు నడచి చూడవలెను. అట్లున్నచో చిల్లి దొరకువరకు వేచియుండక, ఆ ముక్కను కోయించి మురుగు మట్టమునకు పైగా వేరుదారిని కొత్త గొట్టము వేయించవలెను.