బాకీ ఎవరి లెక్కలో?

అపొస్తలుడైన పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రికలో ఉన్నవి 25 వచనాలే. ఒక్క ప్రసంగంలో ముగించవచ్చు. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సహవాసాల్లో మేము దాన్ని వచనం తర్వాత వచనంగా ధ్యానించాం. అలా చదివితే మనల్ని ఇబ్బంది పెట్టే వచనాన్ని దాటిపోవడానికి వీలుండదు.

ఒనేసిము ఫిలేమోను దాసుడు. యజమానికి దూరమై, బంధకాల్లో ఉన్న పౌలు ద్వారా ప్రభువును తెలుసుకున్నాడు. ‘ఒనేసిము’ అంటే గ్రీకు భాషలో ప్రయోజనకరమైనవాడని అర్థం. ఒకప్పుడు ఎందుకూ పనికిరానివాడు ఇప్పుడు పేరుకు తగినవాడయ్యాడంటాడు పౌలు (11వ వచనం). ఆజ్ఞాపించగలిగి కూడా ప్రేమను బట్టి వేడుకుంటాడు (8, 9). దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకోమంటాడు (16). ఈ మాటలు ఫిలేమోను ఒక్కడికే కాదు, ఆయన ఇంట కూడుకునే సంఘానికీ రాసినవి (2).

18వ వచనం మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే ఒక విశ్వాసి ఇంట చదివాం. అడ్వాన్సు తీసుకుని పనికి రావడం మానేసిన ఒక హమాలీ మీద ఆయనకు కోపం. ఇద్దరిదీ ఒకే సంఘం. క్షమించమని మేము ఎన్నోసార్లు చెప్పాం. ఆ రాత్రి ఆయన నెమ్మదిగా అడిగారు: ‘‘అయ్యగారూ, పౌలు ఊరికే క్షమించమనలేదు కదా! అతని బాకీ తన లెక్కలో వేసుకోమన్నాడు కదా!’’

మా దగ్గర జవాబు లేదు. ఇతరుల డబ్బుతో క్షమాపణ బోధించడం సులువు. పౌలు బంధకాల్లో ఉండి కూడా తానే చెల్లిస్తానని స్వహస్తంతో రాసిచ్చాడు (19).

మరుసటి వారం, ఆ బాకీలో కొంత మేము నెలనెలా కడతామన్నాం. ఆయన ఔననలేదు, కాదనలేదు. కానీ తానే ఆ హమాలీ ఇంటికి వెళ్లారు. నడుము దెబ్బతిని బస్తా ఎత్తలేకనే అతను పని మానేశాడని, మొహం చెల్లక చెప్పలేకపోయాడని అక్కడ తెలిసింది. లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ ఇప్పుడు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని వాక్యం వింటున్నారు.

మనం తీర్చలేని పాపపు బాకీని యేసుప్రభువు సిలువలో తన లెక్కలో వేసుకున్నాడు. ఆ కృప పొందిన మనం తోటివాని బాకీ పుస్తకాన్ని ఎంతకాలం దాచుకుంటాం? ఉత్తరం అందుకున్న ఫిలేమోను ఏం చేశాడో పత్రికలో లేదు. ఆ జవాబు మన ఇళ్లలో మనమే రాయాలి.