లక్షద్వీపాలలో ఓడ ప్రయాణం

కొచ్చి రేవునుండి సాయంకాలం బయలుదేరిన ఓడ మర్నాటికి లక్షద్వీపాలు చేరుతుంది. నాలుగు దినాల సెలవులో రెండు మూడు దీవులను దర్శించవచ్చు. పలుచోట్ల ఓడ ఒడ్డును సమీపించదు. చుట్టూ పగడపు దిబ్బలు ఉండుటచే ప్రయాణికులు చిన్న పడవలలోనికి దిగవలసి ఉంటుంది.

పూర్వం దీవులవారు ‘ఓడం’ అనే తెరచాప నావలపై కొబ్బరిపీచు త్రాళ్లు తెచ్చి, బియ్యం కొనిపోయేవారు. నైరుతి ఋతుపవనాల కాలంలో ఆ రాకపోకలు నిలిచిపోయేవి. మినికాయ్ ప్రజల భాష మహల్. తక్కిన దీవులవారిది మలయాళం.

జనావాసమున్న పది దీవులూ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నవి. ప్రయాణికునికి అడ్డంకిగా తోచే పగడపు దిబ్బయే అలల తాకిడినుండి వాటిని కాపాడుతున్నది. సముద్రజలం వేడెక్కుటచే 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇచటి పగడాలు తెల్లబారి, అనేకం నశించినవి. కావున యాత్రికులు వాటిపై అడుగుపెట్టరాదు, ముక్కలు ఏరి తేరాదు.