గ్యాస్ ఫర్నేస్: వెచ్చదనం, భద్రత

అమెరికా, కెనడాలలో ఇళ్లను వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్‌లో సహజవాయువు మండగా వెలువడే వేడి పొగలు, హీట్ ఎక్స్ఛేంజర్ అనే మూసివున్న లోహపు గొట్టాల గుండా సాగి ఇంటి బయటికి పోతాయి. ఆ గొట్టాలను వెలుపలినుంచి తాకి వేడెక్కిన గాలిని బ్లోయర్ అనే పంకా గదులకు పంపుతుంది. పొగ, గాలి ఎక్కడా కలవకపోవడమే ఈ యంత్రానికి ఆయువుపట్టు.

ఈ గాలిని వడగట్టే ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే గాలి ప్రవాహం తగ్గి, ఇంధనం వృథా కావడమే కాక, లోహం మితిమీరి వేడెక్కి కాలక్రమంలో పగుళ్లివ్వవచ్చు. దీపానికి ఎదురుగా పట్టినప్పుడు వెలుగు దూరని ఫిల్టర్‌ను మార్చవలసిందే. అంగుళం మందం గలదానిని సాధారణంగా 1 నుంచి 3 నెలలకొకసారి మారుస్తారు. ఇంత చవకైన పనిని అశ్రద్ధ చేయడం విచారకరం.

బర్నర్ల వద్ద నిలకడైన నీలిమంట సవ్యమైన దహనానికి గుర్తు కాగా, పసుపు మంట, మసి కనిపిస్తే కార్బన్ మోనాక్సైడ్‌ను శంకించాలి. రంగూ వాసనా లేని ఈ విషవాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకొని శరీరానికి ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. తలనొప్పి, వికారం దాని తొలి లక్షణాలు కనుక జలుబు జ్వరమని పొరబడే అవకాశం ఎక్కువ.

ఆ దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఏటా చలికాలానికి ముందే నిపుణుని చేత ఫర్నేస్‌ను తనిఖీ చేయించి, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం అమర్చుకోవాలి. అది మోగితే కిటికీలు తెరుస్తూ జాగు చేయక, అందరూ బయటికి వచ్చిన తరువాతే 911కు ఫోన్ చేయాలి.