ట్రాక్టర్ వెనక మూడు చేతులు

అమెరికాలో ఊరి చివర ఐదారెకరాలు కొని రెండు మూడు గుర్రాలు పెంచుకునేవాళ్లు మొదటి ట్రాక్టర్ బేరానికి వెళ్లి, ముందుగా ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతారు. నేనైతే ముందు బండి వెనక్కి వెళ్లి చూడమంటాను. అక్కడ కింద రెండు ఇనుప చేతులు, పైన మధ్యలో ఒకటి ఉంటాయి. మన పల్లెల్లో కల్టివేటరూ రోటవేటరూ తగిలించేది కూడా వాటికే. రోజూ కళ్లెదుట తిరిగే ఈ అమరికంత తెలివైనది వ్యవసాయ యంత్రాల్లో ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఇది రాకముందు ట్రాక్టర్ నాగలిని వెనక కట్టుకుని ఈడ్చేది. 1917లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్ కూడా అంతే. కర్రు రాయికో వేరుకో తట్టుకుని ఆగిందంటే వెనక చక్రాలు తిరగలేవు. ఇంజన్ మాత్రం తిప్పుతూనే ఉంటుంది. చక్రం కదలనప్పుడు ఆ బలం ట్రాక్టర్‌నే ఇరుసు చుట్టూ తిప్పేస్తుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి వెనక్కి తిరగబడి నడిపేవాడి మీద పడేది. అలా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. బండి బరువు పెంచితే ప్రమాదం కొంత తగ్గుతుంది కానీ, కింద నేల గట్టిపడిపోతుంది.

ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ దీన్ని వేరే దారిలో ఆలోచించాడు. 1909లోనే సొంతంగా కట్టుకున్న విమానంలో ఎగిరిన మనిషి ఆయన. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ట్రాక్టర్ దుక్కిని మెరుగుపరిచే పని ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. విల్లీ శాండ్స్ అనే మెకానిక్ తోడుగా ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, నాగలి, ట్రాక్టర్ రెండూ ఒకే యంత్రంగా పనిచేయాలన్న నిర్ణయానికి వచ్చాడు.

దున్నేటప్పుడు కింది రెండు చేతులు నాగలిని ముందుకు లాగుతుంటాయి. మట్టి కర్రును వెనక్కి నెడుతుంటుంది. లాగే చోటు పైన, అడ్డుకునే చోటు కింద. అందుకే నాగలి తల ముందుకు వాలబోతుంది. ఆ వాలును పై చెయ్యి అడ్డుకుని, వెనక ఇరుసు కంటే ఎత్తులో ట్రాక్టర్‌ను ముందుకు తోస్తుంది. అంత ఎత్తున తోసినప్పుడు ముందు చక్రాలు నేలకు అదుముకుంటాయి. మట్టి ఎంత మొండికేస్తే అంత గట్టిగా అదుముకుంటాయి! బండిని తిరగేయవలసిన బలమే దాన్ని నేలకు పట్టి ఉంచుతోంది. నాగలి బరువూ, దాని మీద పడే మట్టి బరువూ వెనక చక్రాల మీదికి చేరి వాటి పట్టును పెంచుతాయి. పక్కనుంచి చూస్తూ ఈ చేతులను ఊహలో ముందుకు పొడిగిస్తే, ఆ గీతలు బండి ముందుభాగం దగ్గర కలుస్తాయి. నాగలి వెనక వేలాడుతున్నా, అక్కడ కట్టి లాగినట్టే నడుస్తుంది.

ఫెర్గూసన్ అంతటితో ఆగలేదు. పై చెయ్యి ఒక బలమైన స్ప్రింగుకు ఆనుతుంది. నేల గట్టిగా తగిలితే స్ప్రింగు నొక్కుకుని హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది, నాగలి కాస్త పైకి లేస్తుంది. నేల మెత్తబడగానే మళ్లీ దిగుతుంది. దీన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటారు. కర్రు పెద్ద రాయికి తగిలితే వెనక చక్రాల మీది బరువు ఒక్కసారిగా తేలిపోతుంది. అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి తప్ప బండి లేవదు. కంప్యూటరూ లేదు, కరెంటూ లేదు. నేల చెప్పింది విని యంత్రం తనను తాను సరిదిద్దుకుంటుంది.

1938లో అమెరికాలోని డియర్‌బార్న్‌లో ఫెర్గూసన్ దీన్ని ఫోర్డ్‌కు ఆడించి చూపించాడు. కాగితం మీద ఒప్పందమేమీ లేదు, చేతులు కలుపుకున్నారు. మరుసటి ఏడాది సుమారు టన్ను బరువున్న ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ 585 డాలర్లకు వచ్చింది. 1947లో ఫోర్డ్ మనవడు హెన్రీ ఫోర్డ్ 2 ఆ మాటను తెంచుకోవడంతో ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకు పైగా దావా వేశాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ తర్వాత ఫెర్గూసన్ సంస్థ మాసీ కంపెనీలో విలీనమైంది. 1960లో అదే మాసీ ఫెర్గూసన్ సహకారంతో మద్రాసులో టాఫే ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది. పేటెంట్లు తీరాక ఈ అమరిక అన్ని కంపెనీలదీ అయింది.

మళ్లీ ఆ ఐదారెకరాల దగ్గరికి వస్తే, గుర్రాల మడిలో దుక్కి ఉండదు. పచ్చిక కోయాలి, లద్దె కుప్పలను గొలుసు దంతెతో చెదరగొట్టాలి, దారి చదును చేయాలి. కాబట్టి డ్రాఫ్ట్ కంట్రోల్ కన్నా పనిముట్టును పెట్టిన ఎత్తులోనే నిలబెట్టే పొజిషన్ కంట్రోల్ అవసరం. అది 9ఎన్‌లో లేదు, 1947లో వచ్చిన 8ఎన్‌లో ఉంది. చవగ్గా దొరుకుతాయని ఈ పాత ఫోర్డ్‌లు కొనేవాళ్లు ఒకటి గమనించాలి. గడ్డి కోసే బరువైన బ్లేడు క్లచ్ తొక్కాక కూడా తిరుగుతూ, ఇంజన్ బలాన్ని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు ద్వారా గేరుబాక్సును తిప్పి బండిని ముందుకు నెడుతుంది. ఓవర్‌రన్నింగ్ కప్లర్ అనే, ఆ ఎదురు తిరుగుడును ఆపే భాగం బిగించకుండా ఆ బండితో కోతకు దిగకూడదు. చిన్న ట్రాక్టర్ల మూడు చేతులకు పనిముట్టు తగిలించడానికి సాధారణంగా కేటగిరీ 1 పిన్నులు వస్తాయి, కిందివి 22, పైది 19 మిల్లీమీటర్లు. ఆ కొలతకు సరిపోతే ఏ కంపెనీ పనిముట్టయినా తగులుతుంది.

ముందు లోడర్ ఉంటే లెక్క తిరగబడుతుంది. లద్దెతో నిండిన బకెట్ లేపితే వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు ఆ మూడు చేతులకు బరువు వేలాడదీయాలి. మొద్దు లాగాలంటే గొలుసును ఇరుసు కంటే కిందుగా, కదలని డ్రాబార్‌కే కట్టాలి. పై చెయ్యి తగిలే చోట కడితే ఫెర్గూసన్ తప్పించిన బోల్తా మళ్లీ వస్తుంది. బోల్తా పడితే నడిపేవాడిని కాపాడే రోల్‌బార్ పాత బండ్లలో ఉండదు. సీటుబెల్టుతో సహా అది పెట్టించాకే ఎక్కాలి.