దంత వైద్య విద్యలో ప్రవేశానికి నీట్ సన్నద్ధత: అనకాపల్లి జిల్లా విద్యార్థులు గమనించవలసిన అంశాలు

అనకాపల్లి: దంత వైద్య పట్టా కోర్సు అయిన బీడీఎస్‌లో ప్రవేశానికి ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు. ఎంబీబీఎస్‌కు నిర్వహించే జాతీయ అర్హత, ప్రవేశ పరీక్ష (నీట్) దీనికి కూడా వర్తిస్తుంది. పరీక్ష ఒక్కటే, ర్యాంకు ఒక్కటే. కోర్సు, కళాశాల ఎంపిక కౌన్సెలింగ్ దశలో జరుగుతుంది. ఈఏపీసెట్ ర్యాంకు వ్యవసాయ, ఫార్మసీ తదితర కోర్సులకు ఉపకరిస్తుందే గాని దంత వైద్యానికి పనికిరాదు. ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థులకు ఈ తేడాను మొదటి సంవత్సరంలోనే కళాశాలలు తెలియజేయడం అవసరం. రెండవ సంవత్సరం చివర తెలిసినందువల్ల ప్రయోజనం స్వల్పం.

రాష్ట్రంలో 2016 వరకు ఈ సీట్లు ఎంసెట్ ర్యాంకుల ద్వారా భర్తీ అయిన విషయం విదితమే. 2017 నుండి నీట్ అమలులోకి వచ్చింది. ఎంసెట్‌లో తప్పు సమాధానానికి మార్కుల కోత ఉండేది కాదు. నీట్‌లో ఉన్నది. నాటి పద్ధతిలో చదివిన పెద్దలు, అన్నలు, అక్కలు ఇచ్చే సలహాలను విద్యార్థులు ఈ మార్పును దృష్టిలో ఉంచుకొని స్వీకరించవలసి ఉంటుంది.

2025లో జరిగిన పరీక్షలో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు ఇచ్చారు. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90 ప్రశ్నలు. సరియైన సమాధానానికి 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత. మొత్తం 720 మార్కులు. అంతకుముందు కొన్నేళ్లుగా ఉన్న ఐచ్ఛిక ప్రశ్నల విభాగాన్ని ఆ ఏడాది తొలగించారు. మొత్తం మార్కులలో సగం, అనగా 360, జీవశాస్త్రానివే. ఇద్దరికి సమాన మార్కులు వచ్చినపుడు ముందుగా చూసేది కూడా జీవశాస్త్ర మార్కులనే. ఈ భాగాన్ని 45 నుండి 50 నిమిషాలలో ముగించగలిగిన విద్యార్థికి భౌతిక, రసాయన శాస్త్రాల లెక్కలకు రెండు గంటలకు పైగా వ్యవధి మిగులుతుంది.

మార్కుల కోత గురించి అనవసర భయం కూడా తగదు. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా సమాధానం గుర్తిస్తే సగటున ఒకటి సరిపోయి 4 మార్కులు వస్తాయి, మూడు తప్పి 3 మార్కులు పోతాయి. సగటున స్వల్ప లాభమే తప్ప నష్టం లేదు. రెండు ఐచ్ఛికాలను నిశ్చయంగా తోసిపుచ్చగలిగినపుడు మాత్రం సమాధానం గుర్తించడమే మేలు. వాస్తవంగా మార్కులు హరించేవి తెలియని ప్రశ్నలు కావు. తెలిసినవే అనుకొని, ‘సరికానిది ఏది’ అన్న మాటను చదవక పొరబడినవి. ప్రతి నమూనా పరీక్ష అనంతరం ఇట్టి తప్పులను విడిగా ఒక పుస్తకంలో వ్రాసుకొనుట మంచి అలవాటు. ఓఎంఆర్ పత్రంపై పెన్నుతో నింపిన వృత్తాన్ని మార్చడానికి వీలుండదు గనుక ఇంటి వద్ద అభ్యాసం సైతం అదే విధమైన పత్రంపై జరగాలి.

తెలుగు మాధ్యమ విద్యార్థులకు సంబంధించిన విషయం మరింత కీలకమైనది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ లభిస్తుంది. దరఖాస్తులో తెలుగు కోరిన వారికి ఆంగ్లం, తెలుగు రెండూ ఉన్న పత్రం ఇస్తారు. ఈ ఎంపికను తరువాత మార్చుకొనే వీలు లేదు. అనువాదంలో సందేహం తలెత్తితే ఆంగ్ల పాఠమే ప్రామాణికం. కావున మాడుగుల, రోలుగుంట వంటి మండలాల నుండి వచ్చి తెలుగులో చదివిన విద్యార్థి సైతం సమవిభజన అంటే మైటాసిస్ అనీ, క్షయకరణ విభజన అంటే మియోసిస్ అనీ వెంటనే పోల్చుకోగలగాలి. పాఠం పూర్తయిన రోజుననే ఆ పాఠంలోని పదాలను రెండు భాషలలో పక్కపక్కన వ్రాసుకొన్న విద్యార్థికి పరీక్షనాడు ఈ ఇబ్బంది ఉండదు.

పాత పుస్తకాలతో చదివే వారు పాఠ్యప్రణాళికను సరిచూసుకోవాలి. 2024 పరీక్షకు ముందు నీట్ పాఠ్యాంశాలను సవరించారు. రసాయనశాస్త్రంలో ఘనస్థితి, ఉపరితల రసాయనశాస్త్రం, పాలిమర్లు, నిత్యజీవితంలో రసాయనశాస్త్రం వంటి అధ్యాయాలు తొలగిపోయాయి. పాత పుస్తకంతో వాటిపై వారాలు వెచ్చించడం కాలహరణమే. ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు; జీవశాస్త్రంలో పటాలు, వాటి కింది వివరణలు కూడా వదలరాదు.

ధ్రువపత్రాల విషయంలో తహశీల్దార్ కార్యాలయాల, పాఠశాలల పాత్ర ఉన్నది. రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా వేర్వేరు. కేంద్ర జాబితాలో లేని కులానికి చెందిన అభ్యర్థి నీట్ దరఖాస్తులో ఓబీసీగా పేర్కొనరాదు. అతని రాష్ట్ర రిజర్వేషన్ రాష్ట్ర కౌన్సెలింగ్‌లో వర్తిస్తుంది. స్థానికత నిర్ధారణకు అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాల చదువు ప్రధానం. కౌన్సెలింగ్‌కు 6వ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు స్టడీ సర్టిఫికెట్లు సిద్ధంగా ఉండాలి. అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినందున అంతకుముందు తరగతుల పత్రాలలో విశాఖపట్నం జిల్లా అని ఉండుట సహజం. రెండు జిల్లాలూ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంత పరిధిలోనివే గనుక దీనివలన స్థానికతకు భంగం లేదు.

అర్హత పొందడం, సీటు పొందడం ఒకటి కావు. 2025లో జనరల్ విభాగపు అర్హత మార్కు 144. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ విభాగాలకు 113. ఇవి కౌన్సెలింగ్‌కు అర్హతనిచ్చే మార్కులు మాత్రమే, సీటు హామీ కాదు. వార్తా కథనాలలో ఈ తేడాను స్పష్టపరచడం సముచితం. ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా. రాష్ట్ర కోటా ప్రవేశాలను విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు విజయవాడ, కడపలలో ఉన్నాయి. జిల్లాకు సమీపంలో విశాఖపట్నం వైపు ఉన్న గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ కళాశాలలు ప్రైవేటు యాజమాన్యంలోనివి. ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ కోటా, యాజమాన్య కోటా రుసుములు వేరు కావడం వలన ఆప్షన్లు నమోదు చేసే ముందు ఆ ఏటి రుసుముల ఉత్తర్వును తల్లిదండ్రులు చదువుకోవలసి ఉంటుంది.